ఇళ్ల పక్కన రైల్వే సబ్‌స్టేషన్ వస్తోందా? స్థలం సరైనదో కాదో పరిశీలించడం ఎలా

కాడుగోడి, హూడి, కేఆర్ పురం, కార్మెలారం, యలహంక... బెంగళూరులో రైలు పట్టాల పక్కన ఉంటున్న తెలుగు కుటుంబాలు తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది: "మా లేఅవుట్‌ని ఆనుకుని ఉన్న ఖాళీ జాగాలో రైల్వే సబ్‌స్టేషన్ కడతారట. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అక్కడ కట్టొచ్చా? మేం ఎవరిని ఏం అడగాలి?"

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ముందే ఒక మాట. "మాకు సబ్‌స్టేషన్ వద్దు" అని రెండు వందల మంది సంతకాలు పెట్టి ఇచ్చినా, "ప్రజాప్రయోజనం దృష్ట్యా అవసరం" అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చేస్తుంది. "ట్రాన్స్‌ఫార్మర్‌ని ఉత్తరపు గోడ దగ్గర నుంచి పట్టాల వైపు మూలకి మార్చండి, హైటెన్షన్ లైన్‌ని మా వీధిలో కాకుండా పట్టాల వెంట తీసుకురండి" అని రాస్తే ఇంజినీరు డ్రాయింగ్ తీసి చూడక తప్పదు. కింద చెప్పేదంతా ఆ రెండో రకం అర్జీ రాయడానికే.

కావలసినవి

- ఆ స్థలం సర్వే నంబరు. ఫోన్‌లో దిశాంక్ యాప్ పెట్టుకుని అక్కడ నిలబడితే కనిపిస్తుంది.
- ఫోన్‌లో ఉపగ్రహ పటం, ఒక పొడవైన టేపు.
- కరెంటు తీగల చుట్టూ ఏర్పడే 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే గాస్ మీటరు. మూడు దిక్కుల్లోనూ ఒకేసారి కొలిచేదైతే మంచిది. ఇంటికొకటి అక్కర్లేదు, అసోసియేషన్ తరఫున ఒకటి చాలు.
- శబ్దం కొలిచే మీటరు. ఏ వెయిటింగ్ (మనిషి చెవికి వినపడే తీరుకి సరిపెట్టి కొలిచేది), సీ వెయిటింగ్ (గుంయ్‌మనే లోతైన మోతని తగ్గించకుండా కొలిచేది) రెండూ ఉన్నది చూసుకోండి.
- కన్నడ ఆఫీసు కాగితాలు చదవగలిగిన మనిషి. లిపి మనకి దగ్గరే కాబట్టి అక్షరాలు కూడబలుక్కోవచ్చు గానీ, రెవెన్యూ భాష వేరు. పక్కింటి కన్నడ పెద్దాయనని మొదటి రోజు నుంచే కలుపుకోండి. ఇది తెలుగువాళ్ల సమస్య కాదు, వీధి మొత్తానిది.

1. కడుతున్నది ఏమిటో తేల్చుకోండి

"సబ్‌స్టేషన్" అని అందరూ అనే మాట కింద మూడు నాలుగు వేర్వేరు కట్టడాలున్నాయి.

ట్రాక్షన్ సబ్‌స్టేషన్, అంటే టీఎస్ఎస్: కర్ణాటక విద్యుత్ ప్రసార సంస్థ కేపీటీసీఎల్ గ్రిడ్ నుంచి 66, 110 లేదా 220 కేవీ (కేవీ అంటే వెయ్యి వోల్టులు) కరెంటు తీసుకుని, దాన్ని రైలు పైతీగకి కావలసిన 25 కేవీకి దించుతుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, నూనె, మోత అన్నీ ఇక్కడే ఉంటాయి.

స్విచింగ్ పోస్టులు, అంటే సెక్షనింగ్ పోస్టు (ఎస్‌పీ), సబ్ సెక్షనింగ్ పోస్టు (ఎస్ఎస్‌పీ): పైతీగని భాగాలుగా విడగొట్టి కలిపే చిన్న ఆవరణలు. మామూలు పద్ధతిలో వీటిలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, బయటి నుంచి హైటెన్షన్ లైనూ రాదు. 2×25 కేవీ పద్ధతి అయితే ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. అందుకని ఏ పద్ధతో అడగండి.

మెట్రో రిసీవింగ్ సబ్‌స్టేషన్: నమ్మ మెట్రోది. 66 కేవీని 33 కేవీకి దించి స్టేషన్లకి పంపుతుంది. రైలు నడిచేది మూడో పట్టా మీద 750 వోల్టుల డీసీతో. ఇది బెంగళూరు మెట్రో సంస్థ బీఎంఆర్‌సీఎల్ పని, రైల్వేని అడిగితే ఏ జవాబూ రాదు.

148 కిలోమీటర్ల సబర్బన్ రైలు ప్రాజెక్టు పనైతే దాన్ని కడుతున్న సంస్థ కే-రైడ్‌ని అడగాలి. మామూలు రైల్వే పనైతే నైరుతి రైల్వే బెంగళూరు డివిజన్‌లో ఎలక్ట్రికల్ శాఖ వారి ట్రాక్షన్ డిస్ట్రిబ్యూషన్ విభాగాన్ని అడగాలి.

మీ పక్కన వచ్చేది స్విచింగ్ పోస్టు మాత్రమే అయితే, ఆటో ట్రాన్స్‌ఫార్మర్ కూడా లేకపోతే, ఈ గైడ్‌లో సగం పని మీకు అక్కర్లేదు. ఊరికే టెన్షన్ పడొద్దు.

2. భూమి ఎవరిదో చూడండి

సేకరించాల్సిన భూమి అయితే గడువు చాలా ముఖ్యం. రైల్వే చట్టం కింద ప్రత్యేక రైల్వే ప్రాజెక్టుకి సేకరణ నోటిఫికేషన్ వస్తే, అది వెలువడిన 30 రోజుల్లోపు భూమిలో హక్కు ఉన్నవాళ్లు అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ తరువాత ఇస్తే చదివేవాళ్లుండరు.

అది రైల్వే సొంత భూమే అయితే అసలు నోటిఫికేషనే రాదు. పట్టాల పక్కన చాలా చోట్ల పరిస్థితి ఇదే. పైగా రైల్వే పనులు 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ పరిధిలో లేవు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగుతుందని ఎదురుచూడకండి. జేసీబీ కనిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. సర్వే వాళ్లు రంగు వేసిన మేకులు కొట్టిన రోజే మీ పని మొదలవ్వాలి.

3. రైల్వేకి ఆ చోటే ఎందుకు కావాలో అర్థం చేసుకోండి

ఇది తెలియకుండా ప్రత్యామ్నాయం చెబితే తేలిపోతుంది. టీఎస్ఎస్ పట్టాల పక్కనే ఉండాలి. గ్రిడ్ సబ్‌స్టేషన్‌కి వీలైనంత దగ్గరగా ఉండాలి. దానికి ముందూ వెనకా ఉన్న టీఎస్ఎస్‌ల మధ్య దూరం కుదరాలి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మోసే ట్రైలర్ వచ్చే దారి కావాలి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. రెండు టీఎస్ఎస్‌ల సరఫరాలు కలవకుండా, సాధారణంగా వాటి మధ్య ఉండే ఎస్‌పీ దగ్గర, కొన్ని పద్ధతుల్లో టీఎస్ఎస్ దగ్గర కూడా, పైతీగలో కరెంటు లేని చిన్న ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని న్యూట్రల్ సెక్షన్ అంటారు. రైలు అక్కడ ఊపు మీదే జారిపోవాలి. అందుకని ఎత్తు ఎక్కేచోట, సిగ్నల్‌కి మరీ దగ్గరలో, రైళ్లు ఆగే స్టేషన్ అంచులో దాన్ని పెట్టరు. మీరు చూపించే ప్రత్యామ్నాయ స్థలం వల్ల న్యూట్రల్ సెక్షన్ సరిగ్గా అలాంటి చోట పడితే మొదటి మీటింగ్‌లోనే కొట్టేస్తారు. స్థలం చూపించే ముందు ఆ పట్టాల వెంట బయటి రోడ్డు మీద నడిచి సిగ్నళ్లు, వంపులు, ఎత్తుపల్లాలు రాసుకోండి. పట్టాల మీదకి మాత్రం వెళ్లొద్దు. అది నేరం, ప్రాణాపాయం కూడా.

4. స్థలం కంటే ముందు లైన్ చూడండి

అందరూ ప్రహరీ లోపల ఏముందోనని భయపడతారు. నా లెక్కలో నూటికి ఎనభై పాళ్లు పట్టించుకోవాల్సింది గ్రిడ్ నుంచి ఆ ప్రహరీ దాకా వచ్చే హైటెన్షన్ లైన్‌ని. సబ్‌స్టేషన్ ఒక మూలన ఉంటుంది. లైన్ మాత్రం పది వీధులు దాటుకుని వస్తుంది. ఆవరణ అంచు దగ్గర కూడా అయస్కాంత క్షేత్రం ఎక్కువగా కనిపించేది తీగలు లోపలికి వచ్చేచోట, 25 కేవీ తీగలు బయటికి వెళ్లేచోట.

ఆ లైన్ సాధారణంగా కేపీటీసీఎల్ వ్యవహారం, రైల్వేది కాదు. కాబట్టి ఆర్‌టీఐ దరఖాస్తులు రెండు పడాలి. ఒకటి రైల్వేకి, కేంద్ర పోర్టల్‌లో. రెండోది కేపీటీసీఎల్‌కి, కర్ణాటక పోర్టల్‌లో. చాలామంది రైల్వేకి ఒక్కటే పెట్టి, "లైన్ వివరాలు మా దగ్గర లేవు" అనే జవాబుతో నెల పోగొట్టుకుంటారు. అడగాల్సినవి ఇవి:

- వోల్టేజి ఎంత, లైన్ పైనుంచా, భూగర్భ కేబులా
- లైన్ మార్గం పటం, టవర్ల స్థానాలు
- పరిశీలించి వదిలేసిన ఇతర మార్గాలు, ఎందుకు వదిలేశారో ఆ నోట్
- సబ్‌స్టేషన్ లేఅవుట్ డ్రాయింగ్, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం, శబ్ద స్థాయి

మార్గం చేతికొచ్చాక టేపు పట్టుకోండి. ఇంటికీ తీగకీ మధ్య అడ్డంగా ఉండాల్సిన కనీస దూరం 66 కేవీకి 2.3 మీటర్లు, 110 కేవీకి 2.9, 220 కేవీకి 3.8. ఇంటి పైన నిలువుగా అయితే 66 కేవీకి 4 మీటర్లు, 110 కేవీకి 4.6, 220 కేవీకి 5.5. గాలికి తీగ పూర్తిగా ఊగినప్పుడు, ఎండకి పూర్తిగా కిందికి సాగినప్పుడు కూడా ఇంత మిగలాలి. పొద్దున చల్లటివేళ కొలిచి "సరిపోయింది" అనుకోవడం తప్పు.

ఇవి ప్రమాదం తప్పించే కనీస దూరాలు మాత్రమే. లైన్ దారికి వదలాల్సిన వెడల్పు వేరు: 66 కేవీకి 18 మీటర్లు, 110 కేవీకి 22, 220 కేవీకి ఇంకా ఎక్కువ. లైన్ నడిమి నుంచి అటు సగం, ఇటు సగం. మీ ఇల్లు ఆ పట్టీ లోపల పడుతుందా అన్నదే అసలు ప్రశ్న.

భూగర్భ కేబుల్ అడగొచ్చా? అడగండి. బెంగళూరులో 66 కేవీ, 220 కేవీ కేబుళ్లు ఇప్పటికే చాలా చోట్ల ఉన్నాయి, కాబట్టి అది గొంతెమ్మ కోరిక కాదు. తీగ తెగిపడే భయం, పతంగుల బెడద పోతాయి. కానీ కేబుల్ వేస్తే అయస్కాంత క్షేత్రం మాయమైపోదు. సరిగ్గా కేబుల్ పైన నేల మీద అది పైతీగ కింద కంటే ఎక్కువే ఉండొచ్చు. పక్కకి జరిగేకొద్దీ మాత్రం చాలా త్వరగా పడిపోతుంది. అందుకని రోడ్డు మధ్యలో వేయమనండి, ప్రహరీ గోడని ఆనించి వేయనివ్వకండి. కేబుళ్లని ఒకదానికొకటి తాకేలా త్రికోణంగా పేరిస్తే క్షేత్రం ఇంకా తగ్గుతుంది.

5. ఆవరణ లోపలి అమరిక

ట్రాన్స్‌ఫార్మర్ మోత రైలు వచ్చినప్పుడే ఉంటుందనుకుంటారు. కాదు. కరెంటు కలిపి ఉన్నంతసేపు, రైలు ఉన్నా లేకపోయినా, 100 హెర్ట్జ్ దగ్గర సన్నగా గుంయ్‌మంటూనే ఉంటుంది. ఫ్యాన్లు ఉంటే వాటి హోరు అదనం. పగలు ట్రాఫిక్‌లో వినపడదు. రాత్రి రెండింటికి పడకగది కిటికీ తెరిస్తే వినపడుతుంది.

నివాస ప్రాంతంలో చట్టం ఒప్పుకునే శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఆరు దాకా 45. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. లెక్క ఇలా వేయండి: పది మీటర్ల దగ్గర 57 ఉందనుకుంటే, ఇరవై దగ్గర 51, నలభై దగ్గర 45. అంటే ఈ ఉదాహరణలో నలభై మీటర్ల లోపు పడకగదులు ఉండకూడదు. మీ సబ్‌స్టేషన్ అంకెలు డ్రాయింగ్‌తో పాటు తెప్పించుకుని ఇదే లెక్క వేయండి.

ప్లాట్ మారకపోయినా అందులో అడగదగ్గ మార్పులు చాలా ఉన్నాయి. ఇళ్ల వైపు కంట్రోల్ రూము పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్లని పట్టాల వైపు పెట్టమనండి. మామూలు టీఎస్ఎస్‌లో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉంటుంది. ఇళ్లకి దగ్గరదాన్ని సిద్ధంగా ఉంచేదిగా పెట్టమని అడగొచ్చు. మధ్యలో శబ్దం ఆపే గోడ కట్టించమనండి. చెట్ల వరుస మంచిదే, కానీ ఈ సన్నటి మోతని చెట్లు ఆపలేవు. చెట్లు నాటుతామని చెప్పి గోడ ఎగ్గొడితే ఒప్పుకోకండి.

జాగా ఇరుకైతే గ్యాస్ ఇన్సులేటెడ్ స్విచ్‌గేర్, అంటే గ్యాస్ నింపిన గొట్టాల్లో ఉంచే స్విచ్చుల గురించి అడగండి. భవనం లోపల పెట్టేది కాబట్టి తక్కువ చోటు పడుతుంది, మిగిలిన జాగాతో ట్రాన్స్‌ఫార్మర్‌ని ఇళ్లకి దూరం జరపొచ్చు. ఖర్చు ఎక్కువ.

నూనె సంగతి. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల లీటర్ల నూనె ఉంటుంది. ట్యాంకులో నూనె 2000 లీటర్లు దాటితే కారిన నూనె పట్టే గుంట కావాలి, రెండు ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య చాలినంత దూరం లేకపోతే మంటని ఆపే గోడ కావాలి. ఈ రెండూ డ్రాయింగ్‌లో వేలు పెట్టి చూపించమనండి. మన వైపు చాలా లేఅవుట్లు బోరు నీళ్ల మీదే బతుకుతున్నాయి కాబట్టి, ఆ గుంట అడుగు కాంక్రీట్‌తో మూసి ఉందా, అందులో చేరిన వాననీళ్లు నూనె వేరుచేశాకే బయటికి పోతాయా అని తప్పకుండా అడగండి. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ నూనెకి బదులు ఎస్టర్ నూనె వాడితే మంట అంటుకునే ఉష్ణోగ్రత 300 డిగ్రీల పైనే ఉంటుంది. ఇళ్లు దగ్గరున్నచోట ఈ కోరిక న్యాయమైనది.

6. నీళ్లెటు పోతాయో చూడండి

2022 సెప్టెంబరు వానలకి మహదేవపుర వైపు లేఅవుట్లు ఎలా మునిగాయో చూశాం. సబ్‌స్టేషన్ కోసం జాగా ఎత్తు చేస్తారు. అక్కడ నిలిచే నీళ్లు తరువాత ఎవరి గుమ్మంలోకి వస్తాయి? గ్రామ పటంలో రాజకాలువె (పెద్ద వాననీటి కాలువ) గీత ఆ సర్వే నంబరు గుండా పోతుందేమో చూడండి. పోతుంటే మీ అర్జీలో అదే మొదటి పేరా కావాలి. మునిగిన ఫొటోలు తేదీతో సహా ఉంటే జతచేయండి.

7. కట్టకముందే కొలిచి పెట్టుకోండి

దీన్ని వదిలేస్తే తరువాత "ఇది ముందు నుంచే ఉంది" అన్న మాటకి మీ దగ్గర జవాబు ఉండదు.

ఫోన్ యాప్‌తో కొలవకండి. ఫోన్‌లోని సెన్సర్ చూపేది ప్రధానంగా భూమి అయస్కాంత క్షేత్రాన్ని. బెంగళూరులో అది సుమారు 40 మైక్రోటెస్లాలు, ఎక్కడ పెట్టినా అంతే. ఆ 40ని చూసి "రేడియేషన్" అని వాట్సాప్ గ్రూపులో పెట్టి వీధి మొత్తాన్ని భయపెట్టినవాళ్లున్నారు. అధికారి ముందు ఆ అంకె పెడితే మీ మిగతా వాదన కూడా పోతుంది. రెండో పొరపాటు యూనిట్లు. గాస్ మీటరు మిల్లీగాస్‌లో చూపిస్తే పదితో భాగిస్తే మైక్రోటెస్లా.

మీటరుని నేల నుంచి మీటరు ఎత్తున, గది మధ్యలో, పడక దగ్గర పెట్టండి. ఫ్రిజ్, యూపీఎస్ ఇన్వర్టర్, కరెంటు మీటరు బోర్డు దగ్గర పెట్టొద్దు. రైలు వేగం అందుకునేటప్పుడు కరెంటు ఒక్కసారిగా పెరిగి, వెళ్లాక పడిపోతుంది కాబట్టి ఒక్కసారి చూసిన అంకెకి విలువ లేదు. మీటరులో రికార్డింగ్ ఉంటే 24 గంటలు వదిలేయండి. లేకపోతే పొద్దున, సాయంత్రం, అర్ధరాత్రి పావుగంట చొప్పున నిమిషానికోసారి రాయండి.

వచ్చిన అంకెని దేనితో పోల్చాలి? రేడియేషన్ నుంచి రక్షణ మీద సలహాలిచ్చే అంతర్జాతీయ సంస్థ ఐసీఎన్ఐఆర్‌పీ 2010లో సాధారణ ప్రజలకి పెట్టిన హద్దు 200 మైక్రోటెస్లాలు. ఇళ్లలో అంత రావడం జరగదు. ఇంకోవైపు, సగటున 0.3, 0.4 మైక్రోటెస్లాలు దాటిన ఇళ్లలో పిల్లల ల్యుకేమియాకి (రక్త క్యాన్సర్) గణాంకపరమైన సంబంధం కొంత కనిపించిందని, 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ దీన్ని "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బీ వర్గంలో పెట్టింది. ఇదే కారణమని రుజువు కాలేదు. రుజువు కాలేదు కాబట్టి "క్యాన్సర్ వస్తుంది" అని అర్జీలో రాయకండి. "తక్కువ ఖర్చుతో క్షేత్రాన్ని తగ్గించే వీలున్నప్పుడు తగ్గించండి" అని రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిన సలహా కూడా ఇంచుమించు అదే. మీ వైపు నుంచి చేయగలిగింది ఒకటుంది: లైన్ వైపు గోడకి పిల్లల మంచం ఉంటే అవతలి గోడకి మార్చండి. తీగల నుంచి దూరం రెట్టింపైతే క్షేత్రం సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది.

శబ్దాన్ని రాత్రి పన్నెండు నుంచి నాలుగు మధ్య కొలవండి. ఏ వెయిటింగ్‌లో మాత్రమే కొలిస్తే 100 హెర్ట్జ్ మోత దాదాపు 19 డెసిబెల్స్ తక్కువగా చూపిస్తుంది. చట్టం చూసేది ఏ వెయిటింగే, కానీ సీ వెయిటింగ్ అంకె కూడా పక్కనే రాసి పెట్టుకోండి.

8. అర్జీ రాయండి

ఒక పేజీ, దానికో పటం. రైల్వే చెప్పిన స్థలం, మీరు చెప్పే స్థలం పక్కపక్కన పెట్టి ఇవి పోల్చండి: వంద మీటర్ల లోపు ఎన్ని ఇళ్లు, లైన్ ఎంత పొడవు, లైన్ ఎన్ని ఇళ్ల మీదుగా పోతుంది, నీరు నిలుస్తుందా, ట్రైలర్ వచ్చే దారి ఉందా, సిగ్నల్ ఎంత దూరం. మీ స్థలానికి ఉన్న లోపం కూడా రాయండి. దాచిపెడితే వాళ్లే కనిపెడతారు. మీరు చూపించే స్థలం పక్కన ఇంకో బస్తీ ఉంటే అది ప్రత్యామ్నాయం కాదు. అసోసియేషన్ లేని పేదవాళ్ల ఇళ్ల మీదకి నెట్టడం అన్యాయం, అలాంటి అర్జీ మీద నేనైతే సంతకం పెట్టను.

స్థలం మారకపోతే అని రెండో భాగం రాయండి: అయిదో అడుగులో చెప్పిన మార్పులు ప్రాధాన్యం వారీగా.

రైల్వే భాగానికి మీ ఎంపీని కలవండి, లైన్ భాగానికి ఎమ్మెల్యేని. తలకిందులుగా వెళ్లి నెలలు పోగొట్టుకుంటున్నారు. సొంత భూమిలో టవర్ వేయడానికి మీరు అడ్డు చెబితే ఆ వివాదం జిల్లా మేజిస్ట్రేట్ దగ్గరికి వెళుతుంది. పనివాళ్లతో గొడవ పడకండి. ఆర్‌టీఐకి 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తరువాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

9. కరెంటు కలిపాక తనిఖీ

ఏడో అడుగులో కొలిచిన చోట్లే, అవే వేళల్లో, అదే మీటరుతో మళ్లీ కొలవండి. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. రాత్రి శబ్దం 45 దాటితే కాలుష్య నియంత్రణ మండలికి, రైల్వే డివిజన్‌కి ఒకేసారి రాయండి.

ఎర్తింగ్ కొలత కాగితం అడగండి. రైల్వే నియమం ప్రకారం టీఎస్ఎస్ మొత్తం ఎర్త్ రెసిస్టెన్స్ 0.5 ఓమ్‌లకి మించకూడదు. మీ ఇనప కంచె, నీళ్ల పైపు, కేబుల్ టీవీ తీగ సబ్‌స్టేషన్ కంచెని ఎక్కడా తాకకుండా చూడండి. ఆవరణలో ఫాల్ట్ అయిన క్షణంలో ఆ లోహం ద్వారా వోల్టేజి మీ పెరట్లోకి రావచ్చు.

లైన్ పక్కన ఉన్నవాళ్లు ఇంటి మీద ఇంకో అంతస్తు లేపే ముందు, బాల్కనీ బయటికి తీసే ముందు పైన చెప్పిన దూరాలు మళ్లీ లెక్క వేయాలి. డాబా మీద పొడవాటి ఇనప కడ్డీలు ఎత్తడం, బట్టలకి ఇనప దండెం కట్టడం ఆపండి. వినాయక చవితి ఊరేగింపు లైన్ కింద నుంచి వెళితే, బండితో సహా విగ్రహం ఎత్తు ముందే కొలిచి, తక్కువ ఎత్తున్న తీగ దగ్గర దారి మార్చుకోండి. మొదటి వేసవిలో, తీగలు ఎక్కువగా సాగే మధ్యాహ్నం పూట, కింద నిలబడి ఒకసారి చూడండి. కొమ్మలు దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తే మీరు నరకొద్దు, కేపీటీసీఎల్‌కి రాసి వాళ్లచేతే కొట్టించండి.